మౌఖిక భాషా సేకరణలో క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోన్లు: ధ్వని నాణ్యత, సౌకర్యాల మూల్యాంకనం
(ఉస్మాన్‌గంజ్ బజారు భాష నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

మౌఖిక సాహిత్యం, మాండలికాలు, వృత్తిపదాలు ప్రధాన ఆకరాలుగా సాగే తెలుగు పరిశోధనలో వినడం తొలి పఠనం. రికార్డు చేసిన మాట అక్షరరూపం పొందే క్రమంలో పరిశోధకుని చెవికీ, వక్త గొంతుకూ నడుమ నిలిచే సాధనం హెడ్‌ఫోన్. ఈ సాధనం ఎంపికను గురించి మన పరిశోధన పద్ధతుల గ్రంథాల్లో చర్చ తక్కువ. స్టూడియోల్లో వాడే క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోన్ల నిర్మాణాన్ని, ధ్వని నాణ్యతను, ధారణ సౌకర్యాన్ని తెలుగు ధ్వనుల ఆధారంగా ఎలా అంచనా వేయవచ్చో ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ రకం హెడ్‌ఫోన్లలో ధ్వని నాణ్యత, సౌకర్యం రెండు వేర్వేరు గుణాలు కావనీ, రెండూ చెవిచుట్టూ ఏర్పడే మూతపైనే ఆధారపడతాయనీ, అందువల్ల రెండింటినీ ఒకే పరీక్షతో కొలవాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మౌఖిక సాహిత్యం, క్షేత్రపర్యటన, హెడ్‌ఫోన్, ధ్వనిశాస్త్రం, వృత్తిపదాలు, గసడదవాదేశం, దంత్య చ-జలు, ఉస్మాన్‌గంజ్.

1. ప్రవేశిక:

తెలుగులో జానపద విజ్ఞాన పరిశోధనకు ఆచార్య బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపద గేయ సాహిత్యము' (1958) గట్టి పునాది వేసింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాల సంపుటం, జనం నోట ఉన్న మాటను నిఘంటువు స్థాయికి తెచ్చింది. పల్నాటి వీరుల కథపై జీన్ రోగెయిర్ 1982లో వెలువరించిన గ్రంథానికి ఆధారం గాయకుని నోట విని రికార్డు చేసిన కథ. ఈ కృషి అంతటిలోనూ ఒక సామాన్యాంశం ఉంది. గాయకుడో, రైతో, చేతివృత్తికారుడో పలికిన మాటను ఎవరో ఒకరు విని రాశారు. తర్వాతి తరాలకు అందేది ఆ రాసిన రూపమే. వినికిడిలో జరిగిన పొరపాటు అచ్చులోకి వెళ్లిన తర్వాత అది పాఠమై కూర్చుంటుంది. వక్త గతించిన తరువాత దానిని సరిదిద్దే అవకాశం మూల రికార్డింగును మళ్లీ శ్రద్ధగా వినడంలోనే ఉంటుంది.

నేడు రికార్డు చేయడం సులభమైంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌ల ప్రమాణంలో రికార్డు చేయగల చిన్న యంత్రాలు పరిశోధక విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి. ధ్వనిభాండాగారాల అంతర్జాతీయ సంఘం ధ్వనుల భద్రతకు కనీస ప్రమాణంగా సూచించినది కూడా ఇదే. అయితే ఇంత సూక్ష్మంగా నమోదైన ధ్వనిని ఫోన్‌తో వచ్చిన చిన్న ఇయర్‌ఫోన్లతో విని రాసినప్పుడు, నమోదైన సూక్ష్మతలో కొంత భాగం కాగితం మీదికి రాదు. వినే సాధనాన్ని కూడా పరిశోధన పద్ధతిలో భాగంగా పరిగణించవలసిన అవసరం ఇక్కడ కలుగుతుంది.

2. ఉస్మాన్‌గంజ్: ఒక శ్రవణ సమస్య

హైదరాబాదు పాతనగరంలో అఫ్జల్‌గంజ్, బేగంబజార్‌ల పొరుగున ఉన్న ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపార ప్రాంతం. దీనికి కొద్ది దూరంలోనే, మూసీ ఒడ్డున, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. లిఖిత ఆకరాల కోసం పరిశోధకులు ఆ గ్రంథాలయానికి వెళతారు. ఆ పక్క వీధుల్లోనే అలిఖితమైన మరొక ఆకరం ఉంది. హమాలీలు, గుమాస్తాలు, దుకాణదారులు, బండివారు, జిల్లాల నుంచి సరుకు కోసం వచ్చే చిల్లర వర్తకులు మాట్లాడే భాష అది. అందులో తెలంగాణ తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ కలగలిసి ఉంటాయి. బస్తా, కాంటా, ఖాతా, జమా, ఉద్దెర, హమాలీ వంటి మాటలు రోజంతా వినిపిస్తాయి. ఎలక్ట్రానిక్ తూకాలు, కంప్యూటర్ బిల్లులు వచ్చాక చేతి తూకానికీ, చేతి లెక్కకూ సంబంధించిన పలుకుబడి పాతతరం నోటికి పరిమితమవుతున్నది. వృత్తిపదకోశ సంప్రదాయంలో చూస్తే ఇది త్వరపడి నమోదు చేయవలసిన భాష.

ఇటువంటి చోట పరిశోధకుడు రెండు సందర్భాల్లో హెడ్‌ఫోన్ ధరిస్తాడు. మొదటిది రికార్డింగు జరుగుతున్నప్పుడు. లారీ ఇంజన్లు, ఆటోల హారన్లు, బస్తాలు దించే చప్పుళ్ల నడుమ మైక్రోఫోన్‌కు వక్త మాట ఎంత స్పష్టంగా అందుతున్నదో తెలుసుకోవాలి. రెండవది, ఇంటికో గ్రంథాలయానికో చేరిన తర్వాత, అదే రికార్డింగును గంటల తరబడి వింటూ రాసుకునేటప్పుడు. మొదటి సందర్భంలో బయటి చప్పుడును ఆపడం ముఖ్యం. రెండవ సందర్భంలో ధ్వని యథార్థతా, దీర్ఘకాల ధారణా ముఖ్యం. క్లోజ్డ్-బ్యాక్ రకం మొదటి అవసరానికి సహజంగా సరిపోతుంది. రెండవ అవసరానికి ఎంతవరకు సరిపోతుందో పరీక్షించి తేల్చుకోవాలి.

3. నిర్మాణం, పనితీరు

హెడ్‌ఫోన్‌లో విద్యుత్ సంకేతానికి అనుగుణంగా కంపించే పలుచని పొర ఉంటుంది. దీనిని డయాఫ్రం అంటారు. ఈ పొర ముందుకూ వెనుకకూ కూడా ధ్వనిని పుట్టిస్తుంది. ఓపెన్-బ్యాక్ రకంలో వెనుకవైపు ధ్వని జల్లెడ వంటి కవచం గుండా బయటికి పోతుంది. బయటి చప్పుడూ అదే దారిన లోపలికి వస్తుంది. క్లోజ్డ్-బ్యాక్ రకంలో వెనుకభాగాన్ని గట్టి తొడుగుతో మూసివేస్తారు. ముందువైపు చెవిచుట్టూ మెత్త ఉంటుంది. ఆ మెత్త చర్మానికి పూర్తిగా ఆనుకున్నప్పుడు గాలి చొరని మూత ఏర్పడుతుంది. ఈ వ్యాసంలో 'మూత' అన్న మాటకు ఇదే అర్థం.

మూత చేసే పనులు రెండు. ఒకటి, బయటి చప్పుడును తగ్గించడం. ఈ తగ్గింపు అన్ని పౌనఃపున్యాల్లోనూ సమానంగా ఉండదు. హారన్లు, లోహపు చప్పుళ్లు వంటి హెచ్చు పౌనఃపున్య ధ్వనులు బాగా తగ్గుతాయి. లారీ ఇంజన్ గుర్రుమనే మంద్రధ్వని అంతగా తగ్గదు. సెన్‌హైజర్ హెచ్‌డి 280 ప్రో బయటి చప్పుడును 32 డెసిబెల్‌ల వరకు తగ్గిస్తుందని దాని తయారీదారులు పేర్కొంటారు. ఇక్కడ 'వరకు' అన్న మాటను గమనించాలి. అది అన్ని పౌనఃపున్యాలకూ వర్తించే సంఖ్య కాదు.

రెండవ పని, లోపలి మంద్రధ్వనిని నిలపడం. మంద్రధ్వనుల్లో గాలి పీడనం నెమ్మదిగా మారుతుంది. మూతలో చిన్న సందు ఉన్నా ఆ పీడనం బయటికి జారిపోతుంది. వేగంగా మారే హెచ్చు పౌనఃపున్య ధ్వనులకు ఈ నష్టం తక్కువ. కళ్లద్దాల కాడ, మెత్త కింద ఇరుక్కున్న జుట్టు, అరిగిపోయిన మెత్త, వదులైన తలపట్టీ - వీటిలో ఏ ఒక్కటైనా సందుకు కారణం కావచ్చు. అప్పుడు వినే ధ్వని ఆ హెడ్‌ఫోన్ అసలు ధ్వని కాదు. ఒకే హెడ్‌ఫోన్‌ను ఇద్దరు పరిశోధకులు భిన్నంగా వర్ణించడానికి అభిరుచి భేదం ఒక్కటే కారణం కానక్కరలేదు. ఇద్దరి తలల మీద మూత ఒకేలా కుదరకపోవడం కూడా కారణం కావచ్చు.

4. తెలుగు ధ్వనులే గీటురాళ్లు

హెడ్‌ఫోన్లను సాధారణంగా సినిమా పాటలతో పరీక్షిస్తారు. పాటలో ధ్వనులను స్టూడియోలో ముందే సరిదిద్ది ఉంటారు కనుక చాలా సాధనాల్లో అవి ఇంపుగానే వినిపిస్తాయి. శ్రోతలు ఎటువంటి ధ్వనిని ఇష్టపడతారన్న విషయంపై షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ 2012 నుంచి ప్రకటించిన పరిశోధనలు ప్రసిద్ధాలు. ఇంపు వేరు, భాషాపరిశోధనకు కావలసిన వివేచన వేరు. దేనికోసం వింటున్నామో ఆ ధ్వనులతోనే సాధనాన్ని పరీక్షించాలి.

4.1 పరుష సరళాలు: క-గ, త-ద, ప-బల నడుమ భేదానికి ఒక ముఖ్యమైన సూచన నాదం. గ, ద, బలను పలికేటప్పుడు నోరు మూసుకొని ఉన్న క్షణంలో కూడా స్వరతంత్రుల కంపనం మంద్రంగా వినిపిస్తుంది. పురుషుల గొంతులో ఇది ఇంచుమించు 100 నుంచి 150 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. మూత సరిగా లేనప్పుడు బలహీనపడేది సరిగ్గా ఈ ప్రాంతమే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) వివరించిన గసడదవాదేశం మౌఖిక కథనంలో ఎక్కడ జరుగుతున్నది, ఎక్కడ జరగడంలేదు అన్నది పరిశోధనాంశం అనుకుందాం. గాయకుడు 'వాడు కొట్టె' అన్నాడా, 'వాడు గొట్టె' అన్నాడా అని తేల్చవలసి వస్తుంది. డోలు, తాళాల మోత నడుమ ఆ తేడాను చెప్పే సూచనల్లో ఒకటి కళ్లద్దాల కాడ పక్కనుంచి జారిపోతే, వ్యాకరణ నిర్ణయమే మారిపోయే ప్రమాదం ఉంది.

4.2 దంత్య, తాలవ్య చ-జలు: దేశ్యపదాల్లో ఇ, ఈ, ఎ, ఏలకు ముందు తాలవ్య చ-జలు, తక్కిన అచ్చులకు ముందు దంత్య ౘ-ౙలు రావడం సాధారణ నియమం. ఉర్దూ నుంచి వచ్చిన మాటలు ఈ నియమానికి లోబడనక్కరలేదు. 'ౘాప'లోని ౘకారం దంత్యం, 'చాయ్'లోని చకారం తాలవ్యం. 'ౙొన్నలు' అన్న వర్తకుడే 'జమా' అన్నప్పుడు జకారాన్ని ఎలా పలుకుతున్నాడన్నది ఉస్మాన్‌గంజ్ వంటి చోట విలువైన ప్రశ్న. దంత్యధ్వనుల ఘర్షణశక్తి సకారంలో వలె 4 కిలోహెర్ట్జ్‌లకు పైన ఎక్కువగా ఉంటుంది. తాలవ్యాల్లో అది ఇంకా కింది నుంచే మొదలవుతుంది. 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల వరకే పంపే పాత టెలిఫోన్ మార్గంలో స-శల భేదం మసకబారడానికి కారణం ఇదే. ఈ ప్రాంతాన్ని అతిగా పెంచే హెడ్‌ఫోన్‌లో తాలవ్యం కూడా దంత్యంగా తోచవచ్చు. తగ్గించే దానిలో దంత్యం తాలవ్యంగా తోచవచ్చు.

4.3 మహాప్రాణాలు: 'ఖాతా' అన్నాడా 'కాతా' అన్నాడా, 'ధర' అన్నాడా 'దర' అన్నాడా అన్న భేదం స్పర్శ విడివడిన తర్వాత వెలువడే ఊపిరిలో ఉంటుంది. ఇది బలహీనమైన ధ్వని కనుక బయటి చప్పుడులో తొందరగా కలిసిపోతుంది. చప్పుడును ఆపగల క్లోజ్డ్-బ్యాక్ ప్రయోజనం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. అయితే చదువుకున్న చెవికి మరొక చిక్కు ఉంది. 'ధర' అన్న వర్ణక్రమం మనసులో స్థిరపడి ఉన్నందువల్ల వక్త 'దర' అన్నా 'ధర' అనే వినిపిస్తుంది. ఎంత మంచి సాధనమైనా ఈ అలవాటును పోగొట్టదు. ధ్వనిని చెవిదాకా చేర్చడమే దాని పని.

4.4 పరీక్షకు పనికిరాని భేదాలు: 'పడు-పాడు', 'కల-కల్ల' వంటి జంటల్లో హ్రస్వదీర్ఘాలు, ద్విత్వం ప్రధానంగా కాలపరిమాణానికి సంబంధించినవి. వీటిని సామాన్యమైన సాధనం కూడా చక్కగా వినిపిస్తుంది. ఇవి స్పష్టంగా ఉన్నాయి కదా అని సాధనం మంచిదని నిర్ణయించడం తొందరపాటు.

5. సౌకర్యం: ధ్వనికి వెలుపలి విషయం కాదు

హెడ్‌ఫోన్ బరువు, తలకిరువైపులా పడే నొక్కుడు, మెత్త స్వభావం, వేడి - ఇవి సౌకర్యాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ప్రతి అంశానికీ ధ్వనితో సంబంధం ఉంది. నొక్కుడు ఎక్కువైతే మూత బిగుస్తుంది, ధ్వని నిలకడగా ఉంటుంది. కానీ అరగంటకే కణతలు నొస్తాయి. నొప్పి తగ్గించడానికి పరిశోధకుడు తలపట్టీని సడలిస్తాడు, లేదా మెత్తను కొద్దిగా వెనుకకు జరుపుతాడు. ఆ క్షణం నుంచి అతడు వేరొక హెడ్‌ఫోన్‌తో వింటున్నట్లే లెక్క. వ్యాసం తొలి పుటల్లోని ఉదాహరణలూ చివరి పుటల్లోని ఉదాహరణలూ ఒకే శ్రవణ ప్రమాణంతో రాసినవి కాకుండా పోతాయి.

కృత్రిమ తోలు మెత్తలు మూతను బాగా నిలుపుతాయి. హైదరాబాదు వేసవిలో అవి చెమట పట్టిస్తాయి. కొన్నేళ్లకు పైపొర పొట్టులా రాలుతుంది. మఖమలు వంటి వస్త్రంతో చేసిన మెత్తలు గాలి ఆడనిస్తాయి, చర్మానికి హాయినిస్తాయి. చప్పుడును ఆపడంలో కొంత వెనుకబడతాయి. కళ్లద్దాలు ధరించేవారికి కాడ చుట్టూ ఒదిగిపోయే మృదువైన మెత్తలు, సన్నని కాడలు గల అద్దాలు అనుకూలం. ఏ రకమైనా విడిగా కొని మార్చుకోగల మెత్తలు ఉండడం అవసరం. అరిగిన మెత్తను మార్చడం అందం కోసం కాదు, ధ్వనిని తిరిగి రాబట్టడం కోసం.

చెవి ఆరోగ్యం కూడా సౌకర్యంలో భాగమే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్‌ల ధ్వనిని రోజుకు 8 గంటలు మించి వినరాదు. తీవ్రత 3 డెసిబెల్‌లు పెరిగినకొద్దీ సురక్షిత కాలం సగమవుతుంది. అంటే 88 డెసిబెల్‌లకు 4 గంటలు, 91కి 2 గంటలు మాత్రమే. బజారులో బయటి చప్పుడును ఆపలేని సాధనంతో వినేవారు దానిని మించేటట్లు శబ్దాన్ని పెంచుతారు. మూత బాగా కుదిరిన హెడ్‌ఫోన్‌లో అదే మాట తక్కువ తీవ్రతలో వినవచ్చు. నెలల తరబడి లేఖనం చేసే పరిశోధకునికి ఈ తేడా చిన్నది కాదు.

6. కొన్ని ప్రసిద్ధ నమూనాలు

సోనీ ఎండిఆర్-7506 (1991) ప్రసార, రికార్డింగు రంగాల్లో చిరకాలంగా వాడుకలో ఉంది. బరువు సుమారు 230 గ్రాములు, నిరోధం 63 ఓమ్‌లు. మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. హెచ్చు పౌనఃపున్యాల వైపు దీనికి కొంత మొగ్గు ఉంటుంది కనుక దంత్య చ-జల విషయంలో ముందుగా తెలిసిన మాటలతో సరిచూసుకోవడం మంచిది. చుట్టలు చుట్టుకున్న దీని తీగ బల్ల దగ్గర వీలుగా ఉన్నా, బజారులో నడుస్తూ వినేటప్పుడు బరువనిపిస్తుంది. ఆడియో-టెక్నికా ఏటిహెచ్-ఎం50ఎక్స్ (2014) నిరోధం 38 ఓమ్‌లు, బరువు 285 గ్రాములు. తీగ ఊడదీసి మార్చుకునే వీలుంది. దీనివి కృత్రిమ తోలు మెత్తలు. బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో బరువు తీగ మినహా 270 గ్రాములు. దీని చాలా రకాలకు వస్త్రపు మెత్తలు ఉంటాయి. దీర్ఘకాల ధారణకు దీనికి మంచి పేరుంది. ఇది 32, 80, 250 ఓమ్‌ల నిరోధాల్లో లభిస్తుంది. 250 ఓమ్‌ల రకానికి చిన్న రికార్డర్లు తగినంత శబ్దాన్ని అందించలేకపోవచ్చు. క్షేత్రపర్యటనకు తక్కిన రెండే అనువైనవి. 1988 నాటి సెన్‌హైజర్ హెచ్‌డి 25 బరువు 140 గ్రాములే. ఇది చెవిని చుట్టదు, చెవిపైనే కూర్చుంటుంది. ఒక వైపు తిప్పి ఒంటి చెవితో వినవచ్చు. క్షేత్రంలో తేలిక, గంటల లేఖనంలో చెవి తమ్మెలకు శ్రమ. వీటిలో ఏది ఉత్తమం అన్న ప్రశ్నకు తల, చెవి, కళ్లద్దాలు, పనివేళలు తెలియకుండా సమాధానం లేదు.

బయటి చప్పుడును ఎలక్ట్రానిక్ పద్ధతిలో రద్దుచేసే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు ప్రయాణాల్లో హాయిగా ఉంటాయి. అవి ధ్వనిని స్వయంగా సవరించి వినిపిస్తాయి కనుకా, మాటకూ వినికిడికీ నడుమ కొద్దిపాటి ఆలస్యం ఉంటుంది కనుకా, రికార్డింగును పర్యవేక్షించడానికి తగినవి కావు.

7. మూల్యాంకన విధానం

పరిశోధక విద్యార్థి ప్రత్యేక పరికరాలేవీ లేకుండా చేయదగిన పరీక్షను ఇలా ప్రతిపాదించవచ్చు.

1. కంప-గంప, పాట-బాట, కల-కళ, పాదు-పాడు, ౘాప-చాయ్, ౙొన్న-జమా, దర-ధర, కాతా-ఖాతా వంటి జంటలను తెలిసిన వక్త చేత నిశ్శబ్దమైన గదిలో ఒకసారి, బజారులో ఒకసారి పలికించి రికార్డు చేయాలి.

2. మరొకరు ఆ మాటల వరుసను తారుమారు చేయాలి. వినేవారు వరుస తెలియకుండా విని, వినిపించినట్లు రాయాలి. తప్పులను ధ్వనివర్గాల వారీగా లెక్కించాలి.

3. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు శబ్దతీవ్రతను సమానం చేయాలి. కొంచెం బిగ్గరగా వినిపించేదే మెరుగైనదిగా తోచడం మానవ సహజం.

4. కళ్లద్దాలతోనూ, అవి లేకుండానూ ఒక పురుషస్వరాన్ని వినాలి. తర్వాత అరచేతులతో తొడుగులను మెల్లగా నొక్కి వినాలి. నొక్కినప్పుడు గొంతు నిండుగా మారితే అంతవరకు మూత కుదరలేదని అర్థం.

5. హెడ్‌ఫోన్‌ను తీయకుండా రెండు గంటలు లేఖనం చేసి, రెండవ అంశంలోని పరీక్షను కొత్త వరుసతో తిరిగి చేయాలి. తప్పులు పెరిగితే అది అసౌకర్యానికి చెల్లించిన మూల్యం. ధ్వనినీ సౌకర్యాన్నీ కలిపి కొలిచేది ఈ అంశమే. ఇది కొనుగోలుకు ముందు చేసే పరీక్ష మాత్రమే. నిత్యం పనిలో నడుమనడుమ విరామం తప్పనిసరి.

6. క్షేత్రంలో మంద్రమైన గుర్రు వినిపిస్తే అది రికార్డింగులో ఉన్నదా, మూత గుండా చొరబడుతున్నదా అని తేల్చాలి. రికార్డర్‌లో మైక్రోఫోన్ స్థాయిని క్షణకాలం పూర్తిగా తగ్గించాలి. అప్పటికీ వినిపిస్తున్నది బయటినుంచి వచ్చినది, ఆగిపోయినది రికార్డింగులోనిది.

వీటికి తోడు, వక్త ఎదుట పాటించవలసిన మర్యాద ఒకటి ఉంది. పెద్దవారు మాట్లాడుతుంటే రెండు చెవులూ మూసుకొని యంత్రం వైపు చూస్తూ కూర్చోవడం సంభాషణను చల్లార్చుతుంది. తొలి రెండు నిమిషాలు రెండు చెవులతో స్థాయిలను సరిచూసి, తర్వాత ఒక చెవిని వక్తకు వదలడం ఉచితం. ఆ చెవిలోనుంచి బజారు చప్పుడు వస్తుంది. అయినా వక్త మనసువిప్పి చెప్పే మాట ముందు ఆ నష్టం స్వల్పం.

8. ముగింపు

క్లోజ్డ్-బ్యాక్ హెడ్‌ఫోన్ విలువ దాని పెట్టెపై అచ్చువేసిన పౌనఃపున్యాల పరిధిలో లేదు. వినేవారి తలపై కుదిరి, గంటల తర్వాత కూడా చెదరని మూతలో ఉంది. ఆ మూత నిలిచినంతసేపే పరుష సరళాల నాదం, మహాప్రాణాల ఊపిరి నమ్మదగినట్లు వినిపిస్తాయి. దంత్య తాలవ్యాల ఘర్షణ బయటి చప్పుడులో కలవకుండా ఉంటుంది. కాబట్టి సౌకర్యాన్ని విలాసంగానూ, ధ్వని నాణ్యతను సాంకేతిక నిపుణుల విషయంగానూ విడదీసి చూడడం తగదు. ఏ హెడ్‌ఫోన్‌తో, ఎటువంటి పరిసరాల్లో విని పాఠాన్ని సిద్ధం చేశారో సిద్ధాంత గ్రంథాల పద్ధతి అధ్యాయంలో ఒక వాక్యంగా నమోదు చేయడం మేలు. ప్రతులను పరిష్కరించేవారు తాళపత్రం స్థితిని పేర్కొనడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం. ఉస్మాన్‌గంజ్ హమాలీ నోట విన్న మాటను రేపటి పరిశోధకుడు సందేహించినప్పుడు, అది వక్త ఉచ్చారణా, వినినవారి పొరపాటా అని విచారించడానికి ఆ ఒక్క వాక్యం ఆధారమవుతుంది.